ఆకాశంలో చోటు ఎవరిది?
(ఉపగ్రహాల తరంగాలకూ ఒక రిజిస్టరు)

ఏ ఊళ్లో చూసినా డాబాల మీద దూరదర్శన్ ఫ్రీ డిష్ ఆంటెన్నాలన్నీ ఒకే వైపు మొహం పెట్టి ఉంటాయి. మన తెలుగు ప్రాంతాల్లో అది ఆగ్నేయ దిక్కు, తల బాగా పైకెత్తి. ఆ దిక్కున, భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర మన జీశాట్-15 ఉపగ్రహం ఉంది. ఈ 93.5 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఆ చోట మన ఉపగ్రహం ఉండవచ్చునని ఎవరు ఒప్పుకున్నారు? దాని పక్కనే ఇంకో దేశం తన ఉపగ్రహాన్ని తెచ్చి పెడితే మన టీవీ ఏమవుతుంది? రాకెట్ల గురించి చాలామంది రాస్తారు గానీ ఈ ప్రశ్నల జోలికి వచ్చేవారు తక్కువ. వీటి జవాబు స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరంలో ఒక రిజిస్టరులో ఉంది. దాని కథ మన సంచిక పాఠకులకు చెబుదామని మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా కొంచెం సైన్సు. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమి తిరిగే వేగంతో సమానంగా తిరుగుతుంది కాబట్టి కింద నుంచి చూసేవారికి కదలనట్టే ఉంటుంది. దీన్నే భూస్థిర కక్ష్య అంటారు. ఈ ఎత్తులో ఉపగ్రహాలు ప్రసారానికి ఎలా పనికొస్తాయో 1945లోనే ఆర్థర్ సి. క్లార్క్ ఒక పత్రికా వ్యాసంలో వివరించాడు. ఆ కక్ష్య చుట్టుకొలత సుమారు 2 లక్షల 65 వేల కిలోమీటర్లు. అంత పెద్ద వలయంలో చోటుకు కరువేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక డిగ్రీకి ఒక డిగ్రీకి మధ్య 736 కిలోమీటర్లు ఉంటుంది. ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయేమోనన్నది ఇక్కడ అసలు సమస్య కాదు, వాటి తరంగాలు కలిసిపోవడమే సమస్య.

రాత్రిపూట మీడియం వేవ్ రేడియోలో ఆకాశవాణి పెట్టుకున్నవారికి ఇది అనుభవమే. వార్తలు వస్తుండగా వెనక నుంచి ఏదో తెలియని భాషలో పాట వినిపిస్తుంది. రెండు స్టేషన్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండి, రెండో దాని తరంగం చీకటి పడ్డాక దూరం వరకు రావడమే కారణం. టెలికం వారు దీన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు, మనం అంతరాయం అందాం. ఇంటర్ ఫిజిక్సులో కాంతి పాఠంలో వచ్చే వ్యతికరణంతో దీన్ని కలపకండి. అక్కడ దానికి మార్కులొస్తాయి, ఇక్కడ నష్టమొస్తుంది.

ఉపగ్రహం విషయంలో ఈ అంతరాయం మరీ సులభంగా జరుగుతుంది. టీవీ ఉపగ్రహంలో ఒక్కో ప్రసార పరికరం శక్తి నూరు వాట్ల స్థాయిలో ఉంటుంది, అంటే పాతకాలపు పెద్ద బల్బంత. అది 36 వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి మన డిష్ చేరేసరికి ఒక వాట్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలే మిగులుతుంది. అంత సన్నని గొంతును వినాలంటే పక్కన ఎవరూ మాట్లాడకూడదు. డిష్‌కు కూడా చూపు మరీ సూటిగా ఉండదు. ఇంటి మీద పెట్టే 60 సెంటీమీటర్ల డిష్ ఆకాశంలో దాదాపు మూడు డిగ్రీల మేర చూస్తుంది. ఆ మూడు డిగ్రీల్లో అదే ఫ్రీక్వెన్సీ మీద, అదే ప్రాంతం వైపు ప్రసారం చేసే రెండు ఉపగ్రహాలుంటే డిష్‌కు ఏది ఏదో తెలియదు. అందుకే అటువంటి ఉపగ్రహాల మధ్య సాధారణంగా రెండు మూడు డిగ్రీల ఎడం పాటిస్తారు. రెండు డిగ్రీల చొప్పున లెక్కేసినా మొత్తం వలయంలో 180 చోట్లే. ఫ్రీక్వెన్సీలు వేరైతే మాత్రం ఒకే చోట రెండు ఉండవచ్చు. మన జీశాట్-15, జీశాట్-17 రెండూ 93.5 డిగ్రీల దగ్గరే ఉన్నాయి.

ఈ లెక్కలన్నీ చూసే సంస్థ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం. ఇంగ్లీషులో పొడి అక్షరాలతో ఐటీయూ అంటారు. 1865లో పారిస్‌లో టెలిగ్రాఫ్ తీగల కోసం పుట్టింది. అంటే ఐక్యరాజ్య సమితి కన్నా 80 ఏళ్లు పెద్దది. 1869 నుంచి ఇండియా దీనిలో సభ్యురాలు. ఐటీయూ కాపాడే రేడియో నిబంధనలు అంతర్జాతీయ ఒప్పందం హోదా కలవి. మూడు నాలుగేళ్లకోసారి దేశాలన్నీ నాలుగు వారాల పాటు కూర్చుని వాటిని సవరిస్తాయి. చివరిసారి 2023లో దుబాయిలో కూర్చున్నారు.

ఒక కంపెనీ ఉపగ్రహం పంపాలనుకుంటే నేరుగా జెనీవాకు దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. దాని తరఫున ప్రభుత్వమే పెట్టాలి. మన దేశంలో ఆ పని కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం ద్వారా జరుగుతుంది. ఏ డిగ్రీ దగ్గర, ఏ ఫ్రీక్వెన్సీలు, ఎంత శక్తి, ఏ ప్రాంతం వైపు అన్నీ రాయాలి. ఐటీయూ ఆ వివరాలను రెండు వారాలకోసారి వెలువరించే ప్రకటనలో అచ్చువేస్తుంది. మన పంచాయతీ ఆఫీసు గోడకు అభ్యంతరాల నోటీసు అంటించినట్టన్నమాట. అభ్యంతరం ఉన్న దేశాలు నాలుగు నెలల్లోగా చెప్పాలి. కొత్త ఉపగ్రహం వల్ల పాతదాని రిసీవర్‌లో రణగొణ 6 శాతం కన్నా పెరుగుతుందనుకుంటే ఆ రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకరు శక్తి తగ్గిస్తారు, ఒకరు ప్రసార దిశ మారుస్తారు, ఒకరు ఫ్రీక్వెన్సీలు పంచుకుంటారు. దీనికే సమన్వయం అని పేరు. అది పూర్తయ్యాక ఆ వివరాలు అంతర్జాతీయ ఫ్రీక్వెన్సీల మహా రిజిస్టరులోకి ఎక్కుతాయి. ఎక్కిన తర్వాత వచ్చేవారంతా దీన్ని తప్పించుకుని నడవాలి.

ఇందులో మూల సూత్రం ముందొచ్చినవారిదే ముందు. హాస్టల్ పిల్లలకు ఈ సూత్రం ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. తెల్లవారుజామున కుళాయి దగ్గర వరుసలో ముందుగా నిలబడేవి బకెట్లే, మనుషులు కాదు. బకెట్ పెట్టినవాడు వెళ్లి మళ్లీ దుప్పటి కప్పుకుంటాడు. ఒక్కొక్కడు తన దోస్తుల పేరు మీద నాలుగైదు పెడతాడు. ఐటీయూ వరుసలోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఉపగ్రహం కట్టే ఉద్దేశం, డబ్బు రెండూ లేకుండానే దరఖాస్తులు గుట్టలుగా వచ్చిపడ్డాయి. వాటికి కాగితపు ఉపగ్రహాలని పేరొచ్చింది. ఇందులో పేరు మోసింది పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా. జనాభా లక్ష చిల్లర. సొంత ఉపగ్రహం ఒక్కటి లేదు. 1980ల చివర అది పదహారు చోట్లకు దరఖాస్తు పెట్టింది. పెద్ద దేశాల సంస్థలు గగ్గోలు పెట్టాక చివరికి ఆరింటికి దిగి, వాటిని ఇతరులకు అద్దెకిచ్చుకుంది. టోంగాను తిట్టినవారు చాలామంది. కానీ అంతకుముందే మంచి మంచి చోట్లు పట్టుకుని కూర్చున్న ధనిక దేశాలు చేసిందీ అదే చట్టంతో గదా అనిపిస్తుంది మాకు.

కాగితాల మోసం అరికట్టడానికి నియమాలు ఒక్కొక్కటే బిగించారు. దరఖాస్తు పెట్టిన ఏడేళ్లలోగా ఉపగ్రహం అక్కడికి చేరాలి, లేకపోతే పేరు కొట్టేస్తారు. దాంతో కొందరు ఏదో పాత ఉపగ్రహాన్ని నాలుగు రోజులు అక్కడికి జరిపి, వాడుకలో ఉందని రాయించి, మళ్లీ ఇంకోచోటికి జరపడం మొదలెట్టారు. అందుకని 2012 సమావేశంలో కనీసం 90 రోజులు అక్కడే ఉండి పనిచేయగలగాలని షరతు పెట్టారు. మధ్యలో పాడైతే మూడేళ్ల వరకు చోటు ఆగుతుంది. బకెట్ ఉంటే చాలదు, మనిషి కూడా ఉండాలన్నమాట.

సమన్వయం లేకుండా ముందుకు పోతే ఏమవుతుందో 1994 జూలైలో తెలిసింది. హాంకాంగ్ కంపెనీ ఒకటి ఆప్‌స్టార్-1 అనే ఉపగ్రహాన్ని చైనా రాకెట్ మీద పంపి 131 డిగ్రీల తూర్పు దగ్గర పెట్టబోయింది. ఒక పక్క డిగ్రీ దూరంలో జపాన్ ఉపగ్రహం, ఇంకో పక్క డిగ్రీ దూరంలో రష్యా ఉపగ్రహం. జపాన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. చివరికి ఆప్‌స్టార్‌ను 138 డిగ్రీలకు జరపాల్సి వచ్చింది. ఆ 138 ఎవరిదంటారా? టోంగాదే.

ఇక మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి. ముందొచ్చినవారిదే ముందు అనే సూత్రం చూడటానికి అందరికీ సమానంగానే కనిపిస్తుంది. అయితే ముందు రాగలిగేది ఎవరు? 1960లలో ఉపగ్రహాలు కట్టగలిగిన దేశాలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆఫ్రికా దేశాలు అప్పుడే వలస పాలన నుంచి బయటపడుతున్నాయి. మన దేశానికే 1975లో సొంత ప్రసార ఉపగ్రహం లేదు. అమెరికా వారి ఏటీఎస్-6ను ఏడాది పాటు అరువు తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు చూపించారు. కోళ్ల దడికి వాడే జాలీతో చేసిన పది అడుగుల ఆంటెన్నాలు పెట్టారు. 1976 జూలై 31తో గడువు తీరింది, ఉపగ్రహాన్ని వారు వెనక్కి జరుపుకున్నారు, ఆ ప్రసారం ఆగిపోయింది. మన ఇన్సాట్-1బి 74 డిగ్రీల దగ్గరకు చేరింది 1983లో. ఆలోగా వలయమంతా నిండిపోయి ఉంటే మన గతేమిటి?

ఈ భయం చాలా దేశాలకు ఉండేది. 1976 డిసెంబరులో కొలంబియా రాజధాని బొగోటాలో ఎనిమిది భూమధ్యరేఖ దేశాలు సమావేశమై తమ నేలకు పైన ఉన్న కక్ష్య భాగం తమదేనని ప్రకటించుకున్నాయి. ఆ వాదాన్ని మిగతా ప్రపంచం ఒప్పుకోలేదు. దాని వెనకున్న బాధ మాత్రం చెవికెక్కింది. ఫ్రీక్వెన్సీలు, కక్ష్యలు పరిమితమైన సహజ వనరులని, వాటిని వాడుకునే అవకాశం అన్ని దేశాలకూ న్యాయంగా అందాలని, వర్ధమాన దేశాల అవసరాలను ప్రత్యేకంగా గమనించాలని ఐటీయూ రాజ్యాంగం 44వ అధికరణంలో రాసి ఉంది. 1977లో టీవీ ప్రసార ఉపగ్రహాల కోసం ఆసియా, ఆఫ్రికా, ఐరోపా దేశాలకు చోట్లు ముందే పంచిపెట్టారు. 1988లో ఇంకో ప్రణాళిక చేసి, కొన్ని ఫ్రీక్వెన్సీల్లో ప్రతి దేశానికీ కనీసం ఒక చోటు కేటాయించారు. ఆ దేశం ఉపగ్రహం ఎప్పుడు కడుతుందో, అసలు కడుతుందో లేదో అడగరు. దాని వాటా దానికి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే రిజర్వేషన్. దాన్ని విమర్శించేవారు వాడుకోనివారికి చోటెందుకు వృథా చేయాలని అడుగుతారు. ఇటువంటి మాటలు మనం ఇక్కడా వింటూనే ఉన్నాము కాబట్టి వివరించి చెప్పనక్కర్లేదు. కాలక్రమంలో చుట్టూ వచ్చిన కొత్త ఉపగ్రహాల వల్ల కొన్ని పేద దేశాల వాటా చోట్లు పనికిరాకుండా తయారయ్యాయి. వాటి పట్టు మీద 2019లో ఒక తీర్మానం అయ్యి, 2023 దుబాయి సమావేశంలో నలభైకి పైగా దేశాలకు మారు చోట్లు ఇచ్చారు.

ఇప్పుడు కొత్త రద్దీ వేరేచోట. స్టార్‌లింక్ వంటి సంస్థలు ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తులో వేల ఉపగ్రహాలు తిప్పుతున్నాయి. ఇవి మన డిష్‌కూ భూస్థిర ఉపగ్రహానికీ మధ్య నుంచి పోతుంటాయి కాబట్టి ఆ సమయంలో ఇవి పంపే శక్తికి నిబంధనల్లో కచ్చితమైన హద్దు ఉంది. పై ఎత్తు ఉపగ్రహాలకు దారి వదలాల్సింది ఇవే. వన్‌వెబ్ సంస్థ 2019 ఫిబ్రవరిలో ఆరే ఆరు ఉపగ్రహాలు పంపి, 90 రోజులకు పైగా ప్రసారం చేయించి, బ్రిటన్ దరఖాస్తు కింద ఉన్న తన ఫ్రీక్వెన్సీల హక్కును నిలబెట్టుకుంది. మరుసటి ఏడాదే దివాలా తీసింది. అప్పుడు బ్రిటన్ ప్రభుత్వమూ మన భారతీ సంస్థా కలిసి దాన్ని కొన్నాయి. ఆ హక్కు లేకుంటే కొనేవారు ఉండేవారా అన్నది మా అనుమానం. తర్వాత 2022 అక్టోబరులో, 2023 మార్చిలో 36 చొప్పున ఆ ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచే ఎగిరాయి. 2021లో రువాండా పేరు మీద ఏకంగా మూడు లక్షలకు పైగా ఉపగ్రహాలకు దరఖాస్తు పడింది. బకెట్ల కథ మళ్లీ మొదటికొచ్చింది. వీటి కోసం 2019లోనే మెట్లు పెట్టారు. ఏడేళ్ల గడువు తీరాక రెండేళ్లలో పదో వంతు, ఐదేళ్లలో సగం, మరో రెండేళ్లకు మొత్తం ఎగరాలి. ఎగరనివాటిని లెక్కలోంచి తీసేస్తారు.

ఇంత చట్టమున్నా ఐటీయూకు పోలీసులు లేరు, జరిమానా వేసే అధికారం లేదు. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ-15 అనే ఉపగ్రహం అదుపు తప్పి, ప్రసార పరికరాలు పనిచేస్తూ ఉండగానే చోటు వదిలి కొట్టుకుపోయింది. ఎదురుపడిన ఉపగ్రహాల సంస్థలు తిట్టుకోకుండా కలిసి పనిచేసి దాన్ని తప్పించుకున్నాయి. డిసెంబరులో అది మళ్లీ మాట వింది. అది ప్రమాదం. కావాలని చేసేవారితోనే కష్టం. 2010లోనే ఐరోపా ఉపగ్రహాల ప్రసారాలకు ఇరాన్ నుంచి వచ్చే అడ్డు తరంగాలను ఆపమని ఐటీయూ బోర్డు కోరింది. 2024లో బేబీ టీవీ అనే చంటిపిల్లల చానల్‌లోకి రష్యా యుద్ధ ప్రచార దృశ్యాలు చొరబడ్డాయి. స్వీడన్, ఫ్రాన్స్ వంటి దేశాలు ఇటువంటి అంతరాయాలపై ఫిర్యాదు చేస్తే బోర్డు ఆందోళన వెలిబుచ్చి, ఆపమంది. అంతకుమించి దాని చేతిలో ఏమీ లేదు. అయినా నూటికి తొంభై పాళ్లు దేశాలు నియమాలు పాటిస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ఇవాళ పక్కవాడి ప్రసారాన్ని పాడుచేస్తే రేపు తన ప్రసారమూ పాడవుతుందని అందరికీ తెలుసు.

తర్వాతి ప్రపంచ సమావేశం 2027లో చైనాలోని షాంఘైలో జరగాలి. 40, 50 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కొత్త ఫ్రీక్వెన్సీలు ఉన్నాయి. వాటిలో వర్ధమాన దేశాలకు న్యాయమైన అవకాశం ఎలా ఉంచాలన్నది ఈసారి ఎజెండాలో ఒక అంశం.