బిడ్డను ఎత్తుకోవడం ఎవరి పని?

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు జనానికి నమాజు చేయిస్తున్నారు. ఆయన భుజం మీద ఒక పసిపాప ఉంది. పెద్ద కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) కూతురు ఉమామా. నిలబడినంతసేపూ పాప భుజం మీదే ఉండేది. సజ్దాకు వెళ్లేటప్పుడు కింద దించేవారు, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న సంగతి ఇది.

మద్రసాలో మేము ఈ హదీసును సాధారణంగా ఒక మసలా కోసం బోధిస్తాము. నమాజులో ఎంత కదలిక చెల్లుతుంది, ఎంత చెల్లదు అన్నది ఆ చర్చ. విద్యార్థులు దాన్ని శ్రద్ధగా రాసుకుంటారు. కానీ అందులో మరో విషయం కూడా ఉంది. పాపను మోసింది తల్లి కాదు, అమ్మమ్మ కాదు, తాతగారు. అదీ ఇంట్లో చాటుగా కాదు, వెనుక వరుసల్లో నిలిచిన జనమంతా చూస్తుండగా. గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ ఈనాడు ఒక తండ్రి బిడ్డను భుజాన వేసుకుని బజారుకు వస్తే, "ఏం భాయ్, ఇంట్లో ఆడవాళ్లు లేరా?" అని పలకరించేవారు ఇంకా ఉన్నారు. ఈ ప్రశ్న గురించే నాలుగు మాటలు చెప్పదలచాము.

దివ్య ఖుర్ఆన్‌లో సూరా బఖరా 233వ ఆయతు పాలిచ్చే తల్లుల గురించి మాట్లాడుతుంది. ఆ ఆయతు పేరెత్తగానే మనకు గుర్తొచ్చేది రెండేళ్ల గడువు ఒక్కటే. కోడలు ఏడాదికే పాలు మాన్పిస్తే అత్తగారు ఎత్తి చూపేదీ ఆ గడువునే. కానీ గడువు చెప్పిన వెంటనే ఆ ఆయతు తండ్రి వైపు తిరుగుతుంది. ఆ తల్లి తిండి, బట్ట భారం అతనిదేనంటుంది. రెండేళ్లకు ముందే పాలు మాన్పించాలనుకుంటే ఆ నిర్ణయం దంపతులిద్దరూ సంప్రదించుకుని, ఇద్దరూ ఒప్పుకుని చేయాలంటుంది. తండ్రి లేకపోతే వారసుని మీద కూడా అదే బాధ్యత ఉందంటుంది. అంటే బిడ్డ నోటికి అందే పాలచుక్క వెనుక మగవాడి పూచీ ఒకటి కట్టుబడి ఉంది. దుబాయిలోనో పుణేలోనో పనికి పోయిన తండ్రుల మాట వేరు అంటారేమో. అటువంటి ఇళ్లలో దాదా, మామూ, చాచా ఉన్నది ఎందుకు మరి!

మన వైపు మొదటి కాన్పు పుట్టింట్లోనే. ఛిల్లా నలభై రోజులూ బాలింతను కాలు కింద పెట్టనివ్వరు. హరీరా కాచి ఇస్తారు, మెంతుల లడ్డూలు చేసి పెడతారు. మంచి ఆచారమే. చిక్కంతా నలభై ఒకటో రోజున మొదలవుతుంది. అత్తవారింటికి చేరగానే చీపురు చేతికొస్తుంది, అందరూ తిన్నాక అడుగున మిగిలిందే ఆమె పళ్లెంలోకి వస్తుంది. బిడ్డ మాత్రం అప్పుడే ఎక్కువ పాలు తాగే వయసులో ఉంటుంది. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క కట్టింది. వంటింటి భాషలో చెబితే రెండు జొన్నరొట్టెలు, ఒక గిన్నె పప్పు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు ఆమె మామూలు తిండికి పైన పడాలన్నమాట. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం పెట్టడం ఇందుకోసమే. నామోషీ పడి వెళ్లనివారు మన ఇళ్లలో ఉన్నారు. పళ్లెంలో ఏం మిగిలిందో చూసే పని అత్తగారిదని ఊరుకోకుండా భర్త ఒకసారి వంటింట్లోకి తొంగి చూస్తే తప్పేమీ లేదు. రమజాన్‌లో కూడా అంతే. ఉపవాసం వల్ల తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయముంటే తల్లి రోజా మాని, తరువాత ఖజా పెట్టుకోవచ్చు. ఆ అనుమతి షరీఅత్ ఇచ్చింది. ఇరుగుపొరుగు మాటల కోసం దాన్ని కాదనుకోవద్దు.

ఇక పుట్టిన బిడ్డ నోట్లో మొదట పడేదేమిటి? తహనీక్ సున్నత్. హిజ్రత్ తరువాత మదీనాలో ముహాజిర్లకు పుట్టిన తొలి బిడ్డ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) అంగిట్లో దైవప్రవక్త (స) ఖర్జూరం నమిలి రాశారని హదీసు. అది ఒకసారి, ఒక్క తడి. మన దగ్గర ఆ పేరు మీద తేనెను నెలల తరబడి నాకిస్తున్నారు. పైన సీసాలో అమ్మే ఘుట్టీ ఒకటి! తేనె విషయం గట్టిగా చెప్పాలి. తేనెలో ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి ఏమీ చేయలేవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి, ఊపిరికే ముప్పు రావచ్చు. తేనెలో స్వస్థత ఉందని ఖుర్ఆనే చెప్పింది కదా అని అడుగుతారు. నిజమే, కానీ ఏ మందుకైనా ఒక వయసుంటుంది. ఏడాది దాటాక నిశ్చింతగా పెట్టండి. తహనీక్ చేయించదలచినవారు దగ్గు, జ్వరం లేని పెద్దమనిషిని పిలవండి. నమిలింది కాకుండా శుభ్రమైన చేత్తో మెత్తగా మెదిపిన ఖర్జూరపు తడిని అంగిట్లో తాకిస్తే బిడ్డకు క్షేమం. తరువాత గంటలోపే తల్లి రొమ్ముకు అందించండి. చిక్కగా, పచ్చగా వచ్చే ముర్రుపాలను పిండి పారబోయకండి.

పాలమూరు ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. ఏప్రిల్ వచ్చిందంటే నాలుగు నెలల బిడ్డకు నీళ్లు పట్టమని ప్రతి నానీ చెబుతుంది. ఆరు నెలల వరకూ అవసరం లేదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే. ఎండ పెరిగితే ఎక్కువసార్లు పాలివ్వాలి, నీళ్లు తల్లి తాగాలి. సీసాకు అలవాటు చేసి రెండూ పోగొట్టుకోవద్దు. పాలపొడి, పాలసీసాల ప్రకటనలను నిషేధిస్తూ 1992లో పార్లమెంటు చట్టమే చేసింది. సీసా ఎందరు బిడ్డల పొట్ట చెడగొట్టిందో చూసిన తరువాతే ఆ చట్టం వచ్చింది.

ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఒక్కటే చాలవు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆ పాటికి తరిగిపోతుంది. అక్కడే మన ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతోంది. ఇంట్లో మటన్ వండిన రోజు పెద్దలకు బోటీలు, బిడ్డకు షోర్వాలో నానిన మెతుకులు. బిడ్డకు మాంసం పెట్టామన్న తృప్తి మనది. ఇనుము ఉన్నది ముక్కలో, షోర్వా నీళ్లలో కాదు. ఒక చెంచా కలేజీని బాగా ఉడికించి, మెత్తగా నూరి అన్నంలో కలిపి పెడితే ఆ బిడ్డకు దక్కే మేలు గిన్నెడు షోర్వాలో రాదు. కీమా అయినా, గుడ్డు అయినా అంతే. మాంసం కొనలేని రోజున తైద జావ, పెసరపప్పు, ఆకుకూర ఉండనే ఉన్నాయి. ఈ మూడు జిల్లాల్లో చేను చేనుకూ పల్లీలే కదా. వేయించి మెత్తగా పొడి కొట్టి జావలో వేయవచ్చు. గింజలుగా మాత్రం అయిదేళ్లు వచ్చేదాకా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. అంగన్‌వాడీ నుంచి ఏడో నెల మొదలు మూడేళ్ల వరకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇంటికొస్తుంది. అది బిడ్డకు ఇచ్చింది. లడ్డూలు చుట్టి ఇల్లంతా పంచుకుంటే వారం రోజుల్లో అయిపోతుంది.

వీటన్నింటికీ పోటీగా చాయ్ ఉంది. పొద్దున్నే అబ్బా ఒడిలో కూర్చుని సాసరులో చాయ్, అందులో ముంచిన బిస్కెట్టు. చూడముచ్చటగానే ఉంటుంది. ఆ చాయ్ ఆకలి చంపుతుంది, తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 60.7 శాతం ఉంటే, 2019–21 సర్వే నాటికి 70 శాతానికి చేరింది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 28 శాతం నుంచి 33 శాతానికి పెరిగారు. ఫంక్షన్ హాళ్లు పెరిగిన కాలంలోనే ఈ అంకెలు కూడా పెరిగాయి! బిడ్డ తినడం లేదని తల్లిని తప్పుపట్టే ముందు, సాయంత్రం జేబులో చిప్స్ పొట్లం తెచ్చింది ఎవరో గుర్తు చేసుకుంటే మంచిది. గోరుముద్ద తినిపించడానికి అరగంట పడుతుంది, పొట్లం చింపడానికి అరనిమిషం. ఆ అరగంట రోజుకొక పూట తండ్రి ఎందుకు ఇవ్వకూడదు?

సుర్మా గురించి ఒక్క మాట. బజారు సుర్మాలలో చాలావాటిలో సీసం ఉంటుంది. సీసం బిడ్డ మెదడుకు చేటు. దిష్టి అంటారా, దువా చదివి ఊదండి.

పడక సంగతికి వస్తే మన పెద్దలు గొప్ప పని చేశారు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ నూలు కన్నా పసిబిడ్డ ఒంటికి హాయి ఏముంది? జరీ అంచు గీరుకుంటుందని కోసేసి, మిగిలిన దానితో బొంత కుట్టేవారు, ఝూలా కట్టేవారు. మగ్గం ఇళ్లలో కండెలు చుట్టే తల్లి ఝూలా తాడును కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతుంది. చీర ఝూలా బోర్లాపడడం రాని బిడ్డకే. బోర్లాపడి, లేచి కూర్చోవడం మొదలుపెట్టాక అందులో వదిలి వెళ్లవద్దు. గుడ్డ మెలి తిరిగి మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

ఎత్తుకోవడంలోనూ పాత పద్ధతి మంచిదే. చంకనెక్కిన బిడ్డ కాళ్లు తల్లి నడుముకు అటూ ఇటూ విచ్చుకుని ఉంటాయి. తుంటి కీళ్లు సరిగా కుదురుకోవడానికి అది మేలు. కాళ్లు చాపి గట్టిగా గుడ్డ చుట్టి కట్టేయడం మంచిది కాదు. ఇప్పుడు దుకాణాల్లో రొమ్ముకు కట్టుకునే సంచులు వచ్చాయి. కొనేవారు ఒక్కటి చూడండి. బిడ్డ తొడల కింద ఆసరా ఉండి, మోకాళ్లు పిరుదుల కన్నా పైకి ఉండాలి. కాళ్లు వేలాడుతూ ఉండే సంచి వద్దు. ముఖం ఎప్పుడూ మీ కళ్లకు కనిపిస్తుండాలి, గడ్డం ఛాతీకి అదిమి ఉండకూడదు. బుర్ఖా కింద, పైటచెంగు కింద బిడ్డ ముఖం కప్పి ఎండలో నడవడం మరీ ప్రమాదం. ఈ సంచిని మగవాడు కట్టుకుంటే నవ్వుతారని సిగ్గుపడతారు. ఉమామాను మోసిన భుజం గుర్తు తెచ్చుకుంటే ఆ సిగ్గు ఉండదు.

అన్నిటికంటే మాకు గుండె దడ పుట్టించేది మోటారు సైకిలు. జుమా రోజున, పెళ్లిళ్ల కాలంలో ఈ మూడు పట్టణాల రోడ్ల మీద చూడండి. పెద్దవాడు ట్యాంకు మీద, మధ్యలో రెండోవాడు, వెనుక ఒకవైపు కూర్చున్న తల్లి ఒడిలో చంటిబిడ్డ. ఆమె ఒక చేయి బిడ్డకు, ఒక చేయి భర్త భుజానికి. దుపట్టా కొంగు చక్రం పక్కన ఎగురుతూ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 15న ఒక నిబంధన ప్రకటించింది, ఏడాది తరువాత అది అమలులోకి వచ్చింది. నాలుగేళ్లలోపు బిడ్డను బండి మీద తీసుకెళ్తే నడిపేవారికి బిడ్డను కలిపి కట్టే రక్షణ పట్టీ ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. వనపర్తిలోనే కాదు, హైదరాబాదులోనూ ఆ పట్టీ కట్టినవారు మాకు అరుదుగానే కనబడ్డారు. అఖీఖా విందుకు వేలు ఖర్చుచేసే తండ్రి ఆ పట్టీకి, హెల్మెట్‌కు కొంత తీసి పెట్టలేడా?

తొమ్మిది నెలలు నిండని బిడ్డను అసలు బండెక్కించవద్దనే మా మాట. నాగర్‌కర్నూల్‌కు రైలు లేదు, గద్వాలకు, వనపర్తి రోడ్డుకు ఉంది. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవారికి టికెట్టు లేదు. మగవారికి ఉంది. తండ్రి ఆ టికెట్టు కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుని, దిగేదాకా బిడ్డను తన ఒడిలో ఉంచుకోవచ్చు. అంతసేపైనా తల్లి కునుకు తీస్తుంది.