కాలేజీకి కంపెనీ వచ్చింది... మరి ఇంట్లో మనం?

శ్రావణం వచ్చిందంటే పూర్వం ఆడపిల్లలున్న ఇళ్లలో సంబంధాల మాటలు మొదలయ్యేవి. ఇప్పుడు అవే రోజుల్లో ఇంకో మాట కూడా వినిపిస్తోంది. "మీ అమ్మాయికి క్యాంపస్‌లో వచ్చిందా?" అని. ఆఖరి సంవత్సరం చదివే పిల్లల కోసం చాలా కాలేజీలకు ఆగస్టు నుంచే కంపెనీలు రావడం మొదలవుతుంది మరి! అక్కడ పిల్లకు పరీక్ష. ఇక్కడ ఇంట్లో మనకూ పరీక్షే. పిల్ల తన పరీక్షకు నాలుగేళ్లు తయారవుతుంది. మన పరీక్షకు మనం ఎంతవరకు తయారయ్యాం?

మాది సికింద్రాబాద్‌లో సీతాఫల్‌మండి. ఉస్మానియా యూనివర్సిటీ మాకు కూతవేటు దూరం. ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ పేరే ఆర్ట్స్ కాలేజి! అంచేత మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక చుట్టాలమ్మాయి ఉండి చదువుకుంటూనే ఉంటుంది. ఇప్పటికి నలుగురు అమ్మాయిలు మా ఇంటి నుంచే చదువు ముగించి ఉద్యోగాల్లో చేరారు. వాళ్ల వెనక తిరిగి నేను తెలుసుకున్న సంగతులు మీతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆనాటి గడప, ఈనాటి గడప

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. ఆడపిల్లల కోసం విడిగా కాలేజి 1924లో వచ్చింది. మనమంతా కోఠీ విమెన్స్ కాలేజి అని పిలుచుకునేది అదే. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అమ్మాయి గడప దాటి డిగ్రీ చదివితే చాలు, అదే ఘనకార్యం అనుకున్న కాలం నుంచి మనం చాలా దూరమే వచ్చాం.

ఉద్యోగం మాటకొస్తే ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. 1974లో టెల్కో కంపెనీ ఇంజనీర్లు కావాలని ప్రకటన ఇస్తూ ఆడవాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదని అందులో రాసింది. అప్పుడు బెంగళూరులో చదువుతున్న సుధామూర్తి ఇదేం న్యాయమంటూ జేఆర్డీ టాటాకు పోస్టుకార్డు రాశారు. కంపెనీ ఆమెను ఇంటర్వ్యూకు పిలిచింది, ఉద్యోగమూ ఇచ్చింది. ఇప్పుడు కంపెనీల ప్రకటనల్లో ఆ వాక్యం అంతగా కనిపించదు. కానీ మన ఇళ్లలోంచి పోయిందా? "అంత దూరమైతే వద్దులే", "పెళ్లయ్యాక ఆయన ఇష్టం" అనే మాటలు ఆ వాక్యానికి చుట్టాలు కావూ?

ఫంక్షన్లు దండగ కాదు

క్యాంపస్‌లో ఏడాది పొడుగునా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. సెమినార్లు, సింపోజియంలు, పాత విద్యార్థుల సమావేశాలు, జాబ్ మేళాలు... "చదువు మానేసి ఈ తిరుగుళ్లేమిటి?" అని మనం విసుక్కుంటాం. నిజానికి అమ్మాయికి ధైర్యం వచ్చేది అక్కడే.

మా అక్క కూతురు కరీంనగర్ నుంచి ఎంసీఏ చదవడానికి వచ్చింది. మొదట్లో కిరాణా కొట్టులో చిల్లర తక్కువిచ్చినా అడగడానికి జంకేది. రెండో ఏడు వాళ్ల డిపార్టుమెంటు సింపోజియంలో అతిథులను వేదిక మీదకు పిలిచే పని దానికి అప్పగించారు. రెండు రాత్రులు మా వంటింట్లో గరిటె పట్టుకుని మైకులా ప్రాక్టీసు చేసింది! ఆ తర్వాత ఇంటర్వ్యూలో "నువ్వు బాధ్యత తీసుకుని చేసిన పని ఒకటి చెప్పు" అని అడిగితే, ఆ రోజు ముఖ్య అతిథి రైలు ఆలస్యమైనప్పుడు కార్యక్రమాన్ని ఎలా సర్దారో చెప్పిందట. మార్కుల జాబితాలో లేనిది అదే కదా!

తార్నాక చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇంకో అదృష్టం ఉంది. పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, రసాయన పరిశోధనశాల ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ... అన్నీ యూనివర్సిటీకి దగ్గర్లోనే ఉన్నాయి. సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ ఆవిర్భావ దినం. ఆ రోజుల్లోనూ, ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికీ ఇలాంటి పరిశోధనశాలలు విద్యార్థులకు తలుపులు తెరుస్తుంటాయి. బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివే అమ్మాయిలను తప్పకుండా పంపండి. సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ అని ఒకటుంది. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. వేసవి ఫెలోషిప్ కదా అని వేసవి దాకా ఆగితే లాభం లేదు. దరఖాస్తులు చలికాలంలోనే తీసుకుంటారు.

కంపెనీ ఏం చూస్తుంది?

క్యాంపస్ రిక్రూట్‌మెంటుకు ముందు కాలేజి ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, డిగ్రీ అన్నిట్లోనూ 60 శాతం అడుగుతాయి. సప్లిమెంటరీలు మిగిలి ఉండకూడదంటాయి. మధ్యలో ఏడాది చదువు ఆగితే ఎందుకు ఆగిందని అడుగుతాయి. ముందుగా కంపెనీ వాళ్లు తమ సంగతులు చెబుతారు. తర్వాత రాత పరీక్ష... లెక్కలు, తర్కం, ఇంగ్లీషు. అది గట్టెక్కితే సబ్జెక్టు ఇంటర్వ్యూ, చివర్లో హెచ్ఆర్ ఇంటర్వ్యూ.

ఒక రకంగా ఇదీ పెళ్లిచూపుల్లాంటిదే. తేడా ఒక్కటే. ఇక్కడ అమ్మాయి తల వంచుకు కూర్చుంటే కుదరదు, తనూ ప్రశ్నలడగాలి! "పెళ్లెప్పుడు చేసుకుంటావు?" అనే ప్రశ్న ఇప్పటికీ అక్కడక్కడా ఎదురవుతూనే ఉంది. కోపం తెచ్చుకోకుండా, బెదరకుండా "నా పనికి అది అడ్డం కాదండీ" అని చెప్పడం ఇంట్లోనే అలవాటు చేయించాలి.

ఇంకో మాట. బీఏ, బీకాం అమ్మాయిల దగ్గరకు వచ్చే కంపెనీలు తక్కువ. అంతమాత్రాన దారులు మూసుకున్నట్టు కాదు. ఒక కాలేజీకని కాకుండా అందరికీ కలిపి పెట్టే పరీక్షలుంటాయి. ఉస్మానియా క్యాంపస్‌లో ఉపాధి సమాచార కేంద్రం ఉంది, నోటిఫికేషన్ల వివరాలు అక్కడ అడగొచ్చు. యూపీఎస్సీ, ఎస్సెస్సీ పరీక్షలకు ఆడవాళ్లకు దరఖాస్తు ఫీజు లేదు. రైల్వే బోర్డు ఇటీవలి నోటిఫికేషన్లలో ఆడవాళ్ల దగ్గర 250 రూపాయలు తీసుకుని, మొదటి పరీక్ష రాశాక బ్యాంకు ఖర్చులు పోను తిరిగిచ్చేస్తోంది. దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం రైల్ నిలయం మన సికింద్రాబాద్‌లోనే ఉందాయె! దాని ముందు నుంచి రోజూ బస్సులో వెళుతూ కూడా ఒక్కసారీ దరఖాస్తు పెట్టని అమ్మాయిలను నేనెరుగుదును.

డిగ్రీ పూర్తయినవాళ్లకు అప్రెంటిస్‌షిప్ కూడా మంచి మెట్టు. స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. తర్వాత ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా "అనుభవం ఏముంది?" అన్న ప్రశ్నకు జవాబు చేతిలో ఉంటుంది.

ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రి

మా అక్క కూతురికి ఆఫర్ లెటర్ వచ్చిన రోజు మా ఇంట్లో పండగ కావలసింది. కానీ ఉద్యోగం పుణెలో! బావ కరీంనగర్ నుంచి ఫోన్‌లోనే తేల్చేశాడు. "ఉద్యోగం చెయ్యద్దంటలేను. ఈడనే ఏదన్న చూస్కోమను. ఆడపిల్లను అంత దూరం ఎట్ల పంపుతం?"

పిల్ల ఏడవలేదు. ఫోన్ అందుకుని మెల్లగా ఒకే మాటంది. "నాన్నా, తమ్మునికి ఇదే ఉద్యోగమొస్తే పంపకపోదువా?"

అవతల నుంచి మాట లేదు. కాసేపటికి అక్క ఫోన్ తీసుకుని "రేపు మాట్లాడుదాం తియ్యి" అంది.

ఆ రాత్రి నేనూ, పిల్లా కూర్చుని కాగితం మీద ప్రశ్నలు రాశాం. బావ భయాన్ని తీసిపారేస్తే లాభం లేదు. భయాలకు జవాబులు కావాలి. శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్లు? రాత్రి షిఫ్టు ఉంటుందా? ఉంటే ఇంటిదాకా బండి పంపుతారా? హాస్టల్ ఎవరు చూపిస్తారు? ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీ ఉందా? మర్నాడు పిల్లే కంపెనీ హెచ్ఆర్‌కు ఫోన్ చేసి అన్నీ అడిగింది. వాళ్లు విసుక్కోలేదు సరికదా, రాతపూర్వకంగా జవాబులు పంపారు.

చేరే ముందు అక్కా, బావా శతాబ్దిలో పుణె వెళ్లి హాస్టల్ చూసొచ్చారు. వంటావిడతో అక్క గంటసేపు మాట్లాడిందట, ఏ భాషలోనో ఇద్దరికే తెలియాలి! బావ మాత్రం "ఒక్క ఏడాది. తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ ఏడాది దాటి ఇంకో ఆర్నెల్లయింది. గడువు మాట ఆయన ఎత్తడం లేదు. కొడుకు కాలేజి ఫీజు ఈసారి కూతురు కట్టింది మరి.

కాగితం చదవందే సంతకం వద్దు

ఇది మాత్రం తల్లులందరూ గుర్తుంచుకోవాలి. ఏడాదికి నాలుగు లక్షలని రాస్తే నెలకు 33 వేలు చేతికొస్తాయనుకోకండి. ఆ లెక్కలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, పనితీరును బట్టి ఇచ్చే బోనస్ అన్నీ కలిపేస్తారు. "నెలకు చేతికెంత?" అని సూటిగా అడగాలి.

రెండేళ్లు వదిలి వెళ్లకూడదని బాండు ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి... ఇవి సంతకానికి ముందే చూడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి, తిరిగి తెచ్చుకోవాలి. జిరాక్సు కాపీలు ఇస్తే చాలు. "మా దగ్గరే ఉంచండి" అన్నారంటే ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి.

ఇంకోటి, ఆఫర్ వచ్చినంత మాత్రాన ఉద్యోగంలో చేరినట్టు కాదు. 2022లో చదువు ముగించిన పిల్లలు చాలామంది చేతిలో ఆఫర్ పెట్టుకుని చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. అంచేత చేరేదాకా మిగతా దరఖాస్తులు ఆపనక్కర్లేదు.

ఇక డబ్బడిగే ఉద్యోగాలు! మా ఇంట్లో ఉండి చదివిన ఇంకో అమ్మాయికి క్యాంపస్‌లో రాలేదు. సరిగ్గా అప్పుడే ఒకాయన ఫోన్ చేసి, లక్షన్నర కడితే పెద్ద కంపెనీలో వెనక దారిన సీటిప్పిస్తానన్నాడు. ఆ పిల్ల తల్లి గాజులు తాకట్టు పెట్టడానికీ సిద్ధపడింది. నేను ఒకటే అన్నాను. "వదినా, జీతం వాళ్లివ్వాలి గానీ మనమిచ్చేదేమిటి?" గాజులు చేతికే ఉండిపోయాయి. పిల్ల ఏడాది అప్రెంటిస్‌గా చేసి, తర్వాత తన కష్టంతోనే ఉద్యోగం తెచ్చుకుంది. రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ రుసుము... ఏ పేరుతో అడిగినా అనుమానించాల్సిందే. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

చట్టం మన వైపే ఉంది

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దానికి అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి. ఒకే పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే జీతం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది, ఇప్పుడా నియమం వేతనాల కోడ్‌లో చేరింది. 2017 నుంచి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ఇవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు. ఉద్యోగంలో చేరబోయే పిల్లకు అన్నం కలిపి పెట్టినంత మామూలుగా ఈ సంగతులూ చెప్పి పంపాలి.

చెప్పొచ్చేదేమిటంటే... మనలో చాలామందికి కంపెనీల గురించి తెలియకపోవచ్చు, కంప్యూటర్లు అసలే తెలియకపోవచ్చు. కానీ ప్రశ్నలడగడం తెలుసు. కూరగాయల బండి దగ్గర నాలుగుసార్లు అడిగి తెచ్చుకునేవాళ్లం, కూతురి జీవితం దగ్గర మాత్రం మొహమాటం ఎందుకు? ఈసారి అమ్మాయి "అమ్మా, రేపు మా కాలేజీకి కంపెనీ వస్తోంది" అంటే, ఏ డ్రెస్సు వేసుకుంటావని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఎక్కడి కంపెనీ, ఏం పని, చేతికెంత, బాండు ఉందా, ఎవరిని అడగాలి... ఇవీ అడగండి. "వెళ్లొద్దు" అనే మాట మాత్రం ఈ జవాబులన్నీ వచ్చేదాకా పక్కన పెట్టండి. అన్నీ వచ్చాక ఆ మాటతో అవసరమే ఉండకపోవచ్చు.