సర్ స్టాన్లీ మాథ్యూస్ క్రీడాజీవితము

ఫుట్‌బాల్ జట్టునందు మైదానపు అంచువెంట బంతిని నడుపుకొనిపోవు ఆటగానిని వింగర్ అందురు. ఎదురు జట్టు రక్షకుని దాటుట, పిమ్మట గోలు ముందర నున్న సహచరునకు బంతి నందించుట అతని ముఖ్యధర్మము. గోలు కొట్టినవాని పేరు లెక్కకెక్కును. దానికి దారి తీసినవాని పేరు తరచుగా మఱుగున పడును. అట్టి స్థానమున ఆడియు ప్రపంచఖ్యాతి గడించినవాడు ఆంగ్లేయుడగు స్టాన్లీ మాథ్యూస్.

ఇతడు 1915 ఫిబ్రవరి 1వ తేదీన స్టోక్-ఆన్-ట్రెంట్ నగరములోని హాన్లీయందు జన్మించెను. తండ్రి జాక్ మాథ్యూస్ క్షురకవృత్తిలో నున్న ముష్టియోధుడు. వేకువనే వ్యాయామము చేయు అలవాటు కుమారునకు ఆయనవలననే అబ్బెను. మాథ్యూస్ 1932లో స్టోక్ సిటీ పక్షమునను, 1934లో ఇంగ్లండు పక్షమునను తొలిసారి ఆడెను. 1947లో బ్లాక్‌పూల్ సంఘము 11,500 పౌనులు చెల్లించి ఇతనిని చేర్చుకొనెను. అప్పటి కితని వయస్సు ముప్పదిరెండేండ్లు.

ఇతని నేర్పు చూచుటకు సులభము, అడ్డుటకు కష్టము. దేహమును ఎడమకు వంచును. ప్రత్యర్థి ఆ వైపునకు మొగ్గగానే బంతిని కుడికి తప్పించి, మొదటి కొలది గజములు మెఱుపువలె సాగిపోవును. ఎత్తుగడ యెల్లరకు తెలిసినదే. అయినను అడ్డగలిగినవారు అరుదు.

1948, 1951 సంవత్సరముల ఎఫ్.ఎ. కప్ తుదిపోటీలలో బ్లాక్‌పూల్ ఓడెను. 1953 మే 2వ తేదీన వెంబ్లీలో బోల్టన్ జట్టు 3-1 ఆధిక్యమున నుండగా, మాథ్యూస్ కుడి అంచునుండి విజృంభించెను. తుదకు బ్లాక్‌పూల్ 4-3తో గెలిచెను. మూడు గోళ్లు మార్టెన్సెన్ కొట్టెను. చివరిది మాథ్యూస్ అందించిన బంతితో పెర్రీ కొట్టెను. అయినను ఆ పోటీకి ‘మాథ్యూస్ ఫైనల్’ అను పేరే నిలిచినది.

1956లో ప్రప్రథమ బాలన్ డోర్ బహుమానము ఇతనికే లభించెను. 1961లో స్టోక్‌కు మరలివచ్చి, 1963లో ఆ జట్టు ప్రథమశ్రేణికి చేరుటకు తోడ్పడెను. 1965లో ‘సర్’ బిరుదము నొంది, అదే సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన, ఏబదియేండ్ల యైదు దినముల వయస్సున, చివరి లీగు పోటీ నాడెను. ఇంత దీర్ఘకాలములో ఏ న్యాయనిర్ణేతయు ఇతనిని తప్పు చేసినవానిగా పుస్తకమున నమోదు చేయలేదు.

తరువాత దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష రాజ్యమేలుచుండగా, సొవెటోలోని నల్లజాతి బాలురకు ఆట నేర్పి, 1975లో వారిని బ్రెజిల్‌కు తోడ్కొనిపోయెను. 2000 ఫిబ్రవరి 23వ తేదీన కీర్తిశేషుడయ్యెను. మైదానమున సహచరులకు, అటుపిమ్మట ఆ బాలురకు, ఇతడు చేసినది ఒకటే: ఇతరులకు దారి తెఱచుట.