నాజిల్ మార్చే ముందు డీజిల్ దారి చూడండి

నారు ముదురుతోంది. కాలవకు నీళ్లొచ్చాయి. దమ్ముకు దిగిన ట్రాక్టరు అరగంట బాగానే తిరిగి, ఆ తర్వాత బలం తగ్గి, కొట్టుకుని కొట్టుకుని మడి మధ్యలో ఆగిపోతుంది. పావుగంట ఉంచి తాళం తిప్పితే మళ్లీ మామూలే. మెకానిక్ వచ్చేసరికి బండి చక్కగా ఆడుతుంటుంది. ఒకరు నాజిళ్లంటారు, ఇంకొకరు పంపంటారు. రెండూ మార్పించినా జబ్బు పోదు. సెకండ్‌హ్యాండ్ బండి కొని, సొంత చేనుతో పాటు నలుగురి పొలం బాడుగకు దున్నుకునే చిన్నరైతుకు ఇది పెద్ద దెబ్బే.

ఇలా వచ్చిపోయే జబ్బుకు వరసగా సామాను మార్చుకుంటూ పోవడం మందు కాదు. ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అని గమనించాలి. నెమ్మదిగా బలం తగ్గి ఆగితే ఎక్కువగా డీజిల్ సరిగా అందకపోవడమే కారణం. ఖర్చులేని పరీక్షలతో మొదలుపెట్టడం మేలు.

మూత, చెత్త, గాలి

ట్యాంకు మూతకు గాలి పీల్చే సన్న రంధ్రం ఉంటుంది. బురదతో అది పూడితే, డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులో గాలి వెలితి ఏర్పడి డీజిల్ దిగదు. బలం తగ్గిన వెంటనే బండి ఆపి మూత వదులు చేయండి. సుయ్‌మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి పుంజుకుంటే జబ్బు దొరికినట్టే. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

తర్వాత ట్యాంకు అడుగున చేరిన చెత్త చూడాలి. ఇంజన్ తిరిగేటప్పుడు అది డీజిల్ దారికి అడ్డం పడుతుంది. ఆపితే పక్కకు తొలగుతుంది. అందుకే బండి మళ్లీ స్టార్టవుతుంది. ఫిల్టరు అడుగు బోల్టు వదులు చేసి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి పట్టండి. నీళ్లుంటే అడుగున తేరుకుని కనిపిస్తాయి.

ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు, వాషర్లు కూడా ముఖ్యమే. అది డీజిల్ పీల్చుకునే దారి. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు గానీ గాలి లోపలికి పోతుంది. గాలి తీసిన రోజు బాగుండి, మర్నాడు మళ్లీ అదే తంతు అయితే ఆ వాషర్లు మార్పించాలి.

పొగ రంగూ కొంత చెబుతుంది. నల్లపొగకు ఎయిర్ క్లీనర్ మూసుకుపోవడమో, మోయలేని లోడో, నాజిల్ లోపమో కారణం కావచ్చు. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు.

కొత్త ఇంజన్లతో జాగ్రత్త

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 నిబంధనలు అమలయ్యాయి. వీటిలో కామన్‌రైల్ డీజిల్ ఇంజన్లు ఎక్కువ. ఆ పైపుల్లో ఒత్తిడి 1,000 బార్లు దాటవచ్చు. పాత బండికి చేసినట్టు ఇంజన్ తిరుగుతుండగా నాజిల్ పైపు నట్లు వదులు చేయరాదు. చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ బండ్లలో లోపం ఉంటే మీటరులో దీపం వెలుగుతుంది. మెకానిక్ యంత్రం తగిలించి కోడు చదువుతాడు. అయితే లోపం ఏ వైపు ఉందో కోడు చెబుతుందే గానీ, ఫలానా సామాను పోయిందని తేల్చదు. రైలులో ఒత్తిడి తక్కువని కోడు వస్తే ఖరీదైన పంపే పోయి ఉండనక్కర్లేదు. మూసుకుపోయిన ఫిల్టరూ కారణం కావచ్చు. ఎలుకలు కొరికిన వైరు, వదులైన బ్యాటరీ ఎర్తు కూడా తప్పుడు కోడు తెప్పిస్తాయి. బ్యాటరీ తీగ పీకి దీపం ఆర్పినంత మాత్రాన జబ్బు నయం కాదు. పైగా కోడు చెరిగిపోతే ఆనవాలు కూడా పోతుంది.

షెడ్డుకు వెళ్లేముందు ఎంతసేపు నడిచాక ఆగింది, లోడు మీదా ఖాళీగానా, పొగ ఏ రంగు, ట్యాంకులో డీజిల్ ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. కోడు నంబరు రాయించుకోండి. మార్చిన పాత సామాను, బిల్లు అడిగి తీసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్పించి, పొలంలో లోడు మీద నడిపి చూశాకే రెండోదానికి డబ్బు తీయండి.