పిల్లుల తెల్లకణముల తెగులు

నిన్నటిదాక చీపురుపుల్లతో ఆడుకొనిన పిల్లికూన నేడు ఆహారము ముట్టదు. వాంతులు చేసికొనును. నీటిగిన్నె మీదికి తల వాల్చి కూర్చుండును గాని నీరు త్రాగలేదు. రెండు మూడు దినములలో చనిపోవును. తిరుపతి పట్టణములోనైనను, చిత్తూరు ప్రాంతపు పల్లెలోనైనను ఇట్టి చావు చూచినవారికి మొదట తోచు మాట యొకటే: ఎవరో విషము పెట్టినారు! ప్రక్కయింటివారిపై అనుమానము కలుగును, మాట పెరుగును. విషముచేత పిల్లులు చచ్చుట లేకపోలేదు. ఎలుకలమందు తినిన ఎలుకను తినుట పిల్లికి అపాయమే. కాని ఒక యింట కూనలు ఒకదానివెంట ఒకటి ఇట్లు చనిపోయినచో, అనుమానింపవలసినది పొరుగువానికంటె ముందుగా ఒక వైరసును.

ఈ వ్యాధికి పాన్‌ల్యూకోపీనియా అని పేరు. గ్రీకు భాషలో పాన్ అనగా సమస్తము, ల్యూకోస్ అనగా తెలుపు, పీనియా అనగా లేమి. రోగమును గుర్తించు ఉపాయము పేరులోనే యున్నది. ఆరోగ్యముగల పిల్లి రక్తములో ఘన మిల్లీమీటరునకు సుమారు 5,500 మొదలు 19,500 వరకు తెల్లకణము లుండును. ఈ తెగులులో ఆ సంఖ్య తరచుగా రెండువేలకు దిగువకు, ఒక్కొక్కప్పుడు కొన్ని వందలకు పడిపోవును.

బాక్టీరియాలను ఆపివేయు వడపోత గుండా దిగిన ద్రవము కూడ ఈ వ్యాధిని కలిగించునని 1928లో వెర్జ్, క్రిస్టొఫోరోని అను శాస్త్రజ్ఞులు చూపిరి. దీనికి కారణమైన వైరసు పార్వోవైరసుల కుటుంబములోనిది. పార్వస్ అనగా లాటిన్ భాషలో చిన్నది. నలుబదివేల వైరసులను వరుసగా పేర్చినచో ఆ వరుస పొడవు సుమారు ఒక మిల్లీమీటరగును. దాని జన్యుపదార్థము ఒంటిపేట డి.ఎన్.ఎ.; ఆ పేటలో సుమారు ఐదువేల న్యూక్లియొటైడులు మాత్రమే కలవు. ఇంత స్వల్పమైన ఆస్తితో తన ప్రతిని తానే తయారుచేసికొనుట దానికి సాధ్యము కాదు. కావున విభజనకు సిద్ధమగుచున్న కణములో ప్రవేశించి, ఆ కణము తనకై సమకూర్చుకొనిన సామగ్రిని వాడుకొనును.

ఈ ఒక్క సంగతి గ్రహించినచో రోగలక్షణములు వాటంతట అవే అర్థమగును. శరీరములో ఎడతెగక విభజన జరుగు చోట్లేవి? ఎముకలలోని మూలుగ, ప్రేగుల లోపలి పొర. మూలుగ దెబ్బతినుటచే తెల్లకణములు తరిగిపోవును. ప్రేగు పొర రాలిపోవుటచే వాంతులు, విరేచనములు పుట్టును. ప్రేగులలోని బాక్టీరియాలు ఆ గండ్ల గుండా రక్తములో చేరును. వాటిని ఎదిరింపవలసిన తెల్లకణములా, లేవు! తల్లి గర్భముతో నున్నప్పుడు రోగము సోకినచో, అప్పుడే పెరుగుచున్న కూన చిన్నమెదడు చెడును. అట్టి కూన బ్రతికినను జీవితాంతము తూలుచు నడచును.

తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల స్థాపింపబడినది. నేడది 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయములో భాగము. పశువైద్యుడు ముందుగా చేయగలిగిన పని, ఒక రక్తపుబొట్టును గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూచుట. తరువాతది మలపరీక్ష. కుక్కల పార్వో వ్యాధికై తయారైన పరీక్షాపట్టీ పిల్లుల వైరసును కూడ పట్టుకొనును. ఇందుకు కారణము కలదు. 1978లో కుక్కలలో క్రొత్తగా పుట్టి లోకమంతట వ్యాపించిన పార్వోవైరసు ఈ పిల్లుల వైరసుకు మిక్కిలి దగ్గరి చుట్టము. పైతొడుగులో కొద్దిపాటి మార్పులచేత కుక్క కణములలో ప్రవేశించు శక్తి దానికి కలిగినది. తరువాత వచ్చిన దాని రూపములు మరల పిల్లులకు కూడ సోకుచున్నవి.

ఇంతకంటె సూక్ష్మమైనది పి.సి.ఆర్. పరీక్ష. దీనిని కనిపెట్టిన కారీ మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమానము లభించినది. ఇందులో డి.ఎన్.ఎ. ఒక్కొక్క ఆవృత్తికి రెట్టింపగును. ఒకటితో మొదలిడి ముప్పదిమారులు రెట్టించి చూడుడు. నూరు కోట్లు దాటును. లెక్కల తరగతిలో వేయింపదగిన లెక్క! అయితే సజీవ టీకా వేసిన క్రొత్తలో ఈ పరీక్షలు టీకాలోని వైరసునే చూపవచ్చును. కావున టీకా ఎప్పుడు వేసినదియు వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఈ వైరసును నేరుగా చంపు మందు వాడుకలో లేదు. లవణజలము ఎక్కించుట, వాంతులు ఆపుట, బాక్టీరియాలు ప్రబలకుండ మందులిచ్చుట, ఇవే చికిత్స. త్వరగా తీసికొనిపోయినచో కొన్ని బ్రతుకును. టీకా మాత్రము గట్టిది. ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకమారు చొప్పున పదునారవ వారము దాటువరకు వేయుదురు. ఇన్నిమారు లెందుకని అడుగవచ్చును. ముర్రుపాలతో తల్లి యిచ్చిన రక్షకపదార్థములు కూనను కాపాడుచునే, టీకాను కూడ పనిచేయనీయవు. అవి ఏ వారమున తరిగిపోవునో ఒక్కొక్క కూనకు ఒక్కొక్క తీరు. అందుచేత ఆ సందును దాటిపోనీయక మరల మరల వేయుట.

రోగముతో చనిపోయిన పిల్లి యున్న ఇంట వైరసు ఒక సంవత్సరమువరకు నిలువగలదు. చెప్పులకు, బట్టలకు అంటి పోవును. మనుష్యులకు మాత్రము సోకదు. మన యిండ్లలో వెంటనే నల్ల ఫినాయిలు చల్లుదురు. ఇది రెండు విధముల తప్పు. ఈ వైరసు దానికి లొంగునని నమ్మరాదు. పైగా ఫీనాలు జాతి పదార్థములను విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు చాల తక్కువ కనుక, పాదములు నాకుకొనిన పిల్లికి అదియే విషమగును. మొదట మలము, మురికి శుభ్రముగా కడిగి, సోడియం హైపోక్లోరైటు గల బ్లీచింగు ద్రవమును ఒక పాలుకు ముప్పది పాళ్ల నీరు కలిపి, పది నిమిషములు తడిగా నుంచి, మరల నీటితో కడుగవలెను. టీకా పూర్తికాని కూనను ఆ యింటికి తేరాదు.

శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలలోని పులులు, సింహములు, శేషాచలపు కొండలలోని చిరుతపులులు, ఇవన్నియు పిల్లి కుటుంబములోనివే. ఈ వైరసు వాటికిని సోకగలదు. ఊరి పిల్లులకు వేసినట్లు అడవిలోని చిరుతలకు నాలుగు వారముల కొకమారు సూది వేయుట ఎవరికిని సాధ్యము కాదు. కొండక్రింది వీధులలోని పిల్లులకు, కుక్కలకు మాత్రము వేయవచ్చును.