బైసికిలు నడుపువారికి బాట నియమములు



బండిలో పోవువానికిని, కడు వృద్ధునకును, రోగికిని, బరువు మోయువానికిని, స్త్రీకిని, పెండ్లికుమారునకును త్రోవ విడువవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. బాట అందఱిదగుటచేతనే దానికొక మర్యాద యేర్పడినది. నేడు బైసికిలుపై బడికి పోవు పిల్లల ప్రక్కనే లారీలు పరుగెత్తుచున్నవి. కావున అక్షరములతోబాటు ఈ మర్యాదయు వారికి నేర్పుట పెద్దల విధి.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమునుబట్టి సాధారణమైన బైసికిలు మోటారు వాహనము కాదు. దానికి లైసెన్సు అక్కఱలేదు. అంతమాత్రమున అడుగువారు లేరని తలపరాదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 281వ విభాగము ప్రకారము, పరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు బాటపై ఏ బండినైనను అజాగ్రత్తగా నడిపినవారికి ఆఱుమాసముల వఱకు ఖైదుగాని, వేయిరూపాయల వఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

మొదటి నియమము ఎడమప్రక్కన పోవుట. ఎదుటి బండి కనబడునుగదా యని కొందఱు కుడిప్రక్కన త్రొక్కుదురు. కాలినడకవారికి అది మేలే. చక్రముపై పోవువారికి కీడు. బడిలో నేను పిల్లలకు ఈ లెక్క ఇచ్చుచుంటిని: బైసికిలు గంటకు 15 కిలోమీటర్లు, లారీ 60 కిలోమీటర్లు పోవుచున్నవి. ఒకే దిక్కునకు పోయినచో లారీ 45 కిలోమీటర్ల వేగముతో దరియును; ఎదురైనచో 75 కిలోమీటర్ల వేగముతో దరియును. మఱియు ప్రక్కసందునుండి ఎడమకు తిరుగువాడు కుడివైపు వచ్చు బండ్లనే చూచునుగాని, ఎదురుదారిని వచ్చు బైసికిలును చూడడు.

కుడికి తిరుగుట మిక్కిలి కష్టము. ముందు వెనుకకు చూచి, కుడిచేయి చాచి, రెండువైపులను బండ్లు లేనప్పుడే తిరుగవలెను. రద్దీ యున్నచో దిగి నడిపించుకొని పోవుట మేలు. జతలుగా త్రొక్కుటయు, ట్రాక్టరును పట్టుకొని పోవుటయు కూడదు. ముందు బ్రేకును మాత్రమే ఒక్కసారిగా నొక్కినచో మనిషి ముందునకు పడును. రెండు బ్రేకులను కలిపి నొక్కవలెను. వాన తడిసిన బ్రేకు ఆలస్యముగా పట్టును.

రాత్రివేళ ముందు తెల్లని దీపమును, వెనుక వెలుగు తగిలిన మెఱయు ఎఱ్ఱని బిళ్ళయు ఉండవలెను. 60 కిలోమీటర్ల వేగమున లారీ ఒక సెకనులో 16 మీటర్లకు పైగా పోవును. దీపములేని బైసికిలు 30 మీటర్ల దూరమున కంటబడినచో, డ్రైవరునకు మిగులు వ్యవధి కొద్ది సెకనులే.

ఇక మన వంతు. నూర్చిన ధాన్యమును బాటపై ఆరబోసి, చుట్టును రాళ్ళు పేర్చుట అనేక గ్రామములలో చూచుచున్నాము. ఆ రాళ్ళను తప్పించుకొనుటకు పిల్లవాడు ఎడమ అంచును విడిచి నడిబాటకు, అనగా లారీ ముందునకు, పోవలసివచ్చును. రాత్రి అవి కనబడనుకూడ కనబడవు. ధాన్యమునకు కళ్ళము కలదు. పిల్లవానికి వేఱు దారి లేదు. ఈ కోతలకు ముందే గ్రామపెద్దలు కూర్చుండి ఈ విషయము నిర్ణయింపవలెనని నా మనవి.