తవ్విన మట్టి ఎక్కడికి పోతుంది?

మన ఊళ్ళలో చెరువు పూడిక తీస్తే ఆ మట్టిని రైతులు బళ్ళకెత్తుకుని పొలాలకు తోలుకునేవారు. మట్టిని పారేసే వస్తువుగా ఎవరూ చూడలేదు. మరి మనముంటున్న అమెరికా నగరాల్లో పెద్ద భవనాలకు పునాదులు తవ్వితే వచ్చే మట్టి, రాయి ఏమవుతున్నాయి? ఈ వారం ఆ సంగతి చూద్దాం.

ముందు చిన్న లెక్క. 100 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు గొయ్యి తవ్వితే సుమారు 7,400 ఘనపు గజాల మట్టి వస్తుంది. తవ్విన మట్టి గుల్లబారి పొంగుతుంది. పాతిక శాతం పొంగిందనుకుంటే 9,250 గజాలు. లారీకి 12 గజాల చొప్పున 770 లారీలు! రాయైతే ఇంకా ఎక్కువ పొంగుతుంది. వీటిని ఊరవతల డంపుకు తోలడానికి డీజిలు ఖర్చు, పొగ, ట్రాఫిక్కు. అదే సమయంలో పక్క వీధిలో ఇంకో బిల్డరు పల్లం పూడ్చడానికి మట్టి కొంటూ ఉండొచ్చు.

ఈ మట్టిని తెలివిగా వాడుకున్న సందర్భాలు లేకపోలేదు. న్యూయార్కులో వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునాదుల్లో తవ్విన పది లక్షల ఘనపు గజాలకు పైగా మట్టిని పక్కనే హడ్సన్ నదిలో పోసి, సుమారు 23 ఎకరాల కొత్త నేల సృష్టించారు. ఈనాటి బ్యాటరీ పార్క్ సిటీలో అది ఒక భాగం. బోస్టన్‌లో "బిగ్ డిగ్" సొరంగాల మట్టితో, ఒకప్పుడు చెత్త పోసిన స్పెక్టకిల్ దీవిని కప్పారు. 2006లో అది పార్కుగా జనానికి తెరుచుకుంది.

అయితే మట్టంతా ఒకటి కాదండీ. పాత నగరాల్లో పై పొరల్లో బూడిద, ఇటుక ముక్కలు, పాత రంగుల తాలూకు సీసం ఉండొచ్చు. న్యూయార్కులో చాలాచోట్ల దాని కిందే హిమనదాలు వదిలిపోయిన శుభ్రమైన ఇసుక, ఒండ్రు ఉన్నాయి. రెండూ కలిపి తవ్వేస్తే మంచిదీ చెడిపోతుంది. అందుకని తవ్వకముందే నమూనాలు తీసి పరీక్షించాలి, పొరలను విడివిడిగా ఎత్తాలి.

న్యూయార్కు నగరం 2013లో మొదలుపెట్టిన "క్లీన్ సాయిల్ బ్యాంక్" చేసేది ఇదే. లోతులో దొరికిన శుభ్రమైన మట్టిని పరీక్షించి, అవసరమున్న స్థలాలకు ఉచితంగా చేరుస్తారు. కమ్యూనిటీ తోటలకు కూడా ఇస్తారు. మా ఐటీ భాషలో చెప్పాలంటే ఇది డేటాబేసు పనే: ఎవరి దగ్గర ఏ మట్టి ఉంది, ఎవరికి ఎప్పుడు కావాలి. రెండూ కలిస్తే లారీ దూరం వెళ్ళక్కర్లేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. పెరట్లో గోంగూర, తోటకూర, బీరపాదు వేసుకునే వాళ్ళం మనం. "ఫ్రీ డర్ట్" అని బోర్డు కనిపిస్తే సంతోషిస్తాం. ఎక్కడ తవ్వింది, పరీక్ష చేయించారా అని అడగండి. సమాధానం లేకపోతే వద్దనండి. పిల్లలాడే ఇళ్ళ నేలలో సీసానికి హెచ్చరిక స్థాయిని ఈపీఏ 2024లో 400 పీపీఎం నుంచి 200కి తగ్గించింది. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో కొద్దిపాటి రుసుముతో మట్టి పరీక్ష చేస్తారు. సీసం పరీక్ష కూడా కావాలని ప్రత్యేకంగా అడగండి. మామూలు ఎరువుల పరీక్షలో అది ఉండకపోవచ్చు.

మట్టి చరిత్ర తెలిస్తే అది సంపద, తెలియకపోతే భారం. వచ్చేవారం మరో విషయంతో కలుద్దాం. సెలవు.